పన్ను కోత కూడా ఉచిత పథకమే: శ్రీలంక ఓటరు రెండుసార్లు వేసిన లెక్క

2024 సెప్టెంబరు 21న, అధ్యక్ష ఎన్నిక రోజు, శ్రీలంక ఓటర్ల చేతికి వచ్చిన బ్యాలెట్ కాగితం మీద అప్పటి అధ్యక్షుడు రణిల్ విక్రమసింఘే పేరు పక్కన గ్యాస్ సిలిండర్ గుర్తు ఉంది. అంతకు రెండేళ్ల ముందు అదే దేశంలో జనం ఖాళీ సిలిండర్లను రోడ్డు పక్కన వరసగా నిలబెట్టి, ఎవరూ ఎత్తుకుపోకుండా గొలుసులు కట్టి, వాటి పక్కనే కాపలా కూర్చున్నారు. రణిల్ ప్రచారమంతా ఆ ఒక్క బొమ్మలో ఉంది. క్యూలు పోయాయి, గ్యాస్ దొరుకుతోంది, ధరల మంట చల్లారింది, ఇదంతా నా వల్లే అని. అందులో పెద్దగా అబద్ధం కూడా లేదు. 2022 సెప్టెంబరులో 70 శాతానికి దగ్గరగా వెళ్లిన ద్రవ్యోల్బణం ఎన్నికల నాటికి ఒక శాతం లోపుకు దిగింది. అయినా ఆయనకు పడిన ఓట్లు 17 శాతం. మూడో స్థానం.

గెలిచిన అనుర కుమార దిసనాయకేకు అయిదేళ్ల ముందు ఇదే ఎన్నికలో వచ్చినవి 3 శాతం చిల్లర. ఈసారి 42 శాతం. ప్రభుత్వంలో అనుభవం అంటే 2004-05లో కొన్నాళ్లు వ్యవసాయ మంత్రి పదవి, అంతే. దివాలా తీసిన దేశం, ఇల్లు చక్కదిద్దిన పెద్దమనిషిని పక్కన పెట్టి, ఎప్పుడూ ఖజానా తాళాలు పట్టుకోని మనిషికి వాటిని అప్పగించింది. దీన్ని ‘ఆవేశం ఓటు’ అని కొట్టిపారేసిన విశ్లేషణలు అప్పట్లో చాలా వచ్చాయి. నాకు అలా అనిపించదు. 2019లో వేసిన లెక్క తప్పి చేయి కాల్చుకున్న ఓటర్లు, ఈసారి లెక్కలో ఇంకో గడి కలుపుకొని చూశారని అనుకుంటున్నాను.

ఆ 2019 లెక్క ఏమిటో చూసే ముందు మన సంగతి కొంచెం. తెలుగు రాజకీయాల్లో 2022 నుంచి ‘శ్రీలంక’ అనేది ఒక తిట్టు. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ప్రతిపక్షం సంక్షేమ పథకాల అప్పులను చూపించి రాష్ట్రం శ్రీలంక అయిపోతోందని అనేది. 2022 జులై 16న ప్రధాని మోదీ ఉత్తరప్రదేశ్‌లో ‘రేవడీ సంస్కృతి’ని, అంటే ఓట్ల కోసం ఉచితాలు పంచడాన్ని, విమర్శించారు. మూడు రోజులకు శ్రీలంక పరిస్థితి మీద కేంద్రం అఖిలపక్ష సమావేశం పెట్టి, అందులోనే రాష్ట్రాల అప్పుల లెక్కలూ చూపించింది. పక్క దేశం గురించి మాట్లాడదామని పిలిచి మా రాష్ట్రాల చిట్టా ఎందుకు విప్పుతున్నారని వైఎస్సార్‌సీపీ, టీఆర్ఎస్ ఎంపీలు అభ్యంతరం చెప్పారు. శ్రీలంక మాట ఎత్తిన ఆ ప్రతిపక్షమే రెండేళ్లకు ‘సూపర్ సిక్స్’తో, ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల హామీతో గెలిచిందనేది వేరే ముచ్చట.

ఈ గొడవ అంతటిలో ఒక ముఖ్యమైన విషయం పక్కకు పోయింది. శ్రీలంక ఖజానాకు చిల్లు పెట్టిన నిర్ణయం ఉచిత బియ్యమో, ఖాతాలో వేసిన నగదో కాదు. అది పన్ను కోత.

2019 నవంబరు 16 ఎన్నికల ప్రచారంలో గొటబాయ రాజపక్స ఆర్థికవేత్తగా కనిపించే ప్రయత్నమేమీ చేయలేదు. ఆయన మాజీ సైనికాధికారి, 2009లో యుద్ధం ముగిసినప్పుడు రక్షణ కార్యదర్శి, ఆ తర్వాత కొలంబోను శుభ్రంగా తీర్చిదిద్దిన అధికారిగా పేరు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఈస్టర్ రోజున జరిగిన బాంబు దాడులతో దేశం వణికిపోయి ఉంది. ‘పని చేసి చూపించే మనిషి’ అనే పేరు భద్రత విషయంలో వచ్చింది, ఓటర్లు దాన్నే ఆర్థికానికీ వర్తింపజేశారు. రోడ్లు బాగు చేసినవాడు లెక్కలూ బాగు చేస్తాడనే నమ్మకం మనకూ కొత్త కాదు. ఆయన చుట్టూ ‘వియత్‌మగ’ పేరుతో వృత్తి నిపుణుల బృందం ఒకటి ఉండేది. చదువుకున్నవాళ్లు వెంట ఉన్నారు కదా, అన్నీ ఆలోచించే చెబుతుంటారులే అని జనం అనుకున్నారు.

పన్నుల మీద విసుగు కూడా నిజమే. 2016లో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) కార్యక్రమంలోకి వెళ్లాక వ్యాట్ 11 నుంచి 15 శాతానికి పెరిగింది, తర్వాత ఆదాయపు పన్ను చట్టం కొత్తది వచ్చింది, పెట్రోలు ధరకు ఫార్ములా వచ్చింది. వ్యాపారులు, ఉద్యోగులు ఇద్దరూ చిరాకుగా ఉన్నారు. అలాంటి సమయంలో ఒక అభ్యర్థి పన్నులు తగ్గిస్తే వ్యాపారం పెరుగుతుంది, వ్యాపారం పెరిగితే రాబడి దానంతటదే వస్తుంది అని చెబితే వినడానికి ఎంత బాగుంటుంది!

అప్పటి ఆర్థిక మంత్రి మంగళ సమరవీర మాత్రం ప్రచారం మధ్యలోనే హెచ్చరించారు. ఈ కోతలు ఇలాగే అమలు చేస్తే దేశం దివాలా తీస్తుందని, ఇంకో వెనెజువెలా, ఇంకో గ్రీసు అవుతుందని. ఎన్నికల వేళ అధికార పక్షం మంత్రి చెప్పే మాటకు ఉండే విలువ ఎంతో అంతే దొరికింది. ఆయన 2021 ఆగస్టులో కోవిడ్‌తో చనిపోయారు. తన మాట నిజం కావడం చూడలేదు.

గొటబాయ 52 శాతం ఓట్లతో గెలిచారు. పదవిలోకి వచ్చి పది రోజులు కాకముందే వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి దించాలని నిర్ణయించారు. దేశ నిర్మాణ పన్ను పేరుతో ఉన్న 2 శాతాన్ని ఎత్తేశారు. కంపెనీల పన్ను 28 నుంచి 24 శాతానికి తగ్గింది. ఏడాదికి 30 లక్షల శ్రీలంక రూపాయల వరకు సంపాదించే వ్యక్తికి ఆదాయపు పన్నే లేకుండా పోయింది. పత్రికలు రేట్ల గురించి రాశాయి గానీ, అసలు దెబ్బ రేట్లలో కన్నా లోపలి యంత్రాంగంలో తగిలింది. వ్యాట్ కోసం నమోదు చేసుకోవాల్సిన వ్యాపార పరిమితి ఏడాదికి 1.2 కోట్ల నుంచి ఒక్క దెబ్బకు 30 కోట్లకు వెళ్లింది. అంటే పాతిక రెట్లు. జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను, వడ్డీ మీద ముందే కోసే పన్ను, అంటే మన టీడీఎస్ లాంటివి, రద్దయ్యాయి. రేటు తగ్గిస్తే రేపు పెంచుకోవచ్చు. పన్ను కట్టేవాళ్ల జాబితానే చెరిపేస్తే మళ్లీ ఆ పేర్లు రాయించడానికి ఏళ్లు పడుతుంది. చెరువు తూము తెరిచి నీళ్లు వదలడం వేరు, కట్టను తవ్వేయడం వేరు.

2019లో దేశ స్థూల ఉత్పత్తిలో 11 శాతం పైచిలుకు ఉన్న పన్నుల రాబడి 2022 నాటికి 7 శాతం పైచిలుకుకు పడిపోయింది. ప్రపంచంలోనే అతి తక్కువ పన్ను వసూలు చేసే దేశాల్లో శ్రీలంక ఒకటైంది. రాజపక్స సమర్థకులు కోవిడ్‌ను చూపిస్తారు. పర్యాటకం ఆగిపోవడం నిజం, విదేశాల్లో పనిచేసేవాళ్లు పంపే డబ్బు తర్వాత తగ్గడం నిజం. 2021లో రాత్రికి రాత్రి రసాయన ఎరువుల దిగుమతి ఆపేసి పంటలు పోగొట్టుకోవడం, రూపాయిని డాలరుకు 200 దగ్గర బలవంతంగా నిలబెట్టడం, అంతకు ముందు పదేళ్లకు పైగా ఖరీదైన విదేశీ బాండ్లు తీసుకోవడం, ఇవన్నీ కలిశాయి. పన్ను కోత ఒక్కటే దేశాన్ని ముంచిందని నేను అనను. కానీ కోవిడ్ వచ్చాక కూడా, రేటింగులు పడిపోయి బయట అప్పు పుట్టని స్థితి వచ్చాక కూడా, రెండేళ్లకు పైగా ఆ కోతను వెనక్కి తీసుకోలేదు. లోటు పూడ్చడానికి సెంట్రల్ బ్యాంకు నోట్లు అచ్చువేసింది.

తర్వాతి కథ తెలిసిందే. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని ప్రకటన. మార్చి నుంచి మే లోపు డాలరు విలువ 200 రూపాయల నుంచి 360 దాకా. గాల్ ఫేస్ మైదానంలో ‘అరగలయ’, అంటే పోరాటం. జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి వెళ్లడం, నాలుగు రోజులకు గొటబాయ దేశం విడిచి పోవడం. పేదరికం 2021లో 13 శాతం ఉన్నది మరుసటి ఏడాదికి దాదాపు 25 శాతానికి చేరిందని ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. 2023 నవంబరులో శ్రీలంక సుప్రీంకోర్టు రాజపక్స సోదరులు, సెంట్రల్ బ్యాంకు మాజీ గవర్నర్లు ఆర్థిక వ్యవస్థను నడిపిన తీరుతో ప్రజల ప్రాథమిక హక్కులకు భంగం కలిగించారని తేల్చింది. పన్ను తగ్గింపును హక్కుల ఉల్లంఘనలో భాగంగా ఒక కోర్టు చూడటం అరుదైన విషయం. శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు.

ఇప్పుడు రణిల్ దగ్గరకు వద్దాం. 2020 ఎన్నికల్లో ఆయన పార్టీకి వచ్చింది ఒకే ఒక్క సీటు, అదీ నేరుగా గెలిచింది కాదు, మొత్తం ఓట్ల వాటాను బట్టి పార్టీలకు ఇచ్చే జాతీయ జాబితా మీద. అలాంటి మనిషి 2022 మేలో ప్రధాని, జులైలో పార్లమెంటు ఓట్లతో అధ్యక్షుడు అయ్యారు. వ్యాట్‌ను అదే ఏడాది 8 నుంచి 12కు, 12 నుంచి 15కు, 2024 జనవరిలో 18 శాతానికి తీసుకెళ్లారు. 2023 మార్చిలో ఐఎంఎఫ్ నుంచి సుమారు 300 కోట్ల డాలర్ల కార్యక్రమం వచ్చింది. ఆదాయపు పన్ను మినహాయింపు ఏడాదికి 30 లక్షల నుంచి 12 లక్షలకు దిగింది, గరిష్ఠ రేటు 36 శాతం అయింది. ప్రతి 5 లక్షలకు ఒక మెట్టు.

దీని అర్థం జీతం చీటీ మీద చూస్తేనే తెలుస్తుంది. నెలకు 3 లక్షల రూపాయలు వచ్చే ఒక సీనియర్ డాక్టరో, ప్రొఫెసరో గొటబాయ కాలంలో నెలకు 3,000 పన్ను కట్టాలి. 2023 జనవరి నుంచి అదే జీతం మీద 35,000. అదీ రూపాయి విలువ సగానికి దగ్గరగా పడిపోయి, కూరగాయల నుంచి పిల్లల ఫీజుల దాకా అన్నీ పెరిగిపోయిన రోజుల్లో. 2023 మార్చిలో డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, యూనివర్సిటీ అధ్యాపకులు సమ్మెకు దిగారు. చాలామంది పాస్‌పోర్టు ఆఫీసుల ముందు వరస కట్టారు. 2019లో ‘నిపుణుల ప్రభుత్వం’ అని మురిసిన వర్గాల్లో వీళ్లూ ఉన్నారని గుర్తు చేయడం క్రూరంగా ఉంటుందేమో గానీ, చేయకుండా ఉండలేం.

అయితే ఎన్నికల చర్చంతా ఈ జీతం పన్ను చుట్టూ తిరగడంలో ఒక మోసం ఉంది. శ్రీలంకలో నెలకు లక్ష రూపాయలు దాటి సంపాదించేవాళ్లు తక్కువ. జీతం పన్ను తగిలింది ఆ కొద్దిమందికే. వాళ్లకు మైకులు ఉన్నాయి, సంఘాలు ఉన్నాయి, పత్రికల్లో కాలమ్‌లు ఉన్నాయి. ప్రభుత్వ పన్ను రాబడిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రం వస్తువుల మీద, సేవల మీద వేసే పన్నులే. అవి టీ తోటలో కూలికి వెళ్లే మనిషి కొనే పప్పులోనూ ఉంటాయి, కొలంబోలో ఏసీ గదిలో ఉండే మనిషి కొనే పప్పులోనూ అంతే ఉంటాయి. 2024 జనవరిలో వ్యాట్ 18 శాతానికి పెరిగినప్పుడు అంతకు ముందు మినహాయింపు ఉన్న వంటగ్యాస్, పెట్రోలు కూడా దాని కిందకు వచ్చాయి. అంటే రణిల్ గుర్తుగా పెట్టుకున్న ఆ సిలిండర్ మీదే ఆయన ప్రభుత్వం 18 శాతం పన్ను వేసింది. ఆ బొమ్మ ఎంచుకున్నవాళ్లకు ఈ విషయం తట్టలేదా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకో నిర్ణయం ఎక్కువ మందిని గుచ్చింది. 2023లో దేశీయ అప్పుల పునర్వ్యవస్థీకరణలో, అంటే ప్రభుత్వం దేశం లోపల తీసుకున్న అప్పుల షరతులు మార్చినప్పుడు, భారం పడింది ప్రధానంగా ఉద్యోగుల భవిష్య నిధి మీద. బ్యాంకుల చేతిలో ఉన్న ట్రెజరీ బాండ్లను ముట్టుకోలేదు. బ్యాంకులు కూలితే అందరూ మునుగుతారని ప్రభుత్వం చెప్పిన కారణం తీసిపారేయదగ్గది కాదు. కానీ బట్టల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషికి తన పీఎఫ్ మీద వడ్డీ తగ్గుతుందని అర్థమైంది, సెంట్రల్ బ్యాంకు బాండ్లలో చేతివాటం చూపినవాళ్లు మాత్రం క్షేమంగా ఉన్నారని కూడా అర్థమైంది. 2015 ఫిబ్రవరిలో జరిగిన ఆ బాండ్ల కుంభకోణం రణిల్ ప్రధానిగా ఉన్నప్పటిదే. లెక్కలు సరిచేసిన మనిషి అని ఎంత చెప్పుకున్నా ఆ మచ్చ ఆయనతోనే నడిచింది.

కాబట్టి 2024లో ఓటర్ల ముందున్నవి మూడు రకాల నమ్మకాలు. రణిల్‌ది పని రికార్డు. ప్రతిపక్ష నేత సజిత్ ప్రేమదాసది బృందం. హర్ష డిసిల్వా, ఎరాన్ విక్రమరత్నే లాంటి ఆర్థికం తెలిసిన ఎంపీలు ఆయన పక్కనే ఉండేవారు. అయితే 2022 మేలో ప్రధాని పదవి తీసుకొమ్మంటే షరతులు పెట్టి వెనకాడారనే మాట సజిత్‌ను వదల్లేదు. నెత్తి మీద కత్తి వేలాడేటప్పుడు రానివాళ్లు ఇప్పుడు మంచి బృందం ఉందంటే ఏం లాభం అని అడిగినవాళ్లు ఉన్నారు. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లోని తమిళులు, ముస్లింలు మాత్రం ఎక్కువగా ఆయన వైపే నిలిచారు, అక్కడ లెక్కలు వేరు. అనురది చేతులు శుభ్రంగా ఉండటం. ‘76 ఏళ్ల శాపం’ (స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి 76 ఏళ్లు) అనే ఆయన కూటమి నినాదం ఆర్థిక విధానమేమీ కాదు. కానీ ఈ దేశాన్ని మార్చిమార్చి ఏలిన రెండు మూడు కుటుంబాలు తిన్న డబ్బుకు మీరు పన్ను కడుతున్నారని అది ఒక్క ముక్కలో చెప్పింది.

సజిత్, అనుర ఒకే వేదిక మీద చర్చకు కూర్చోవాలని నెలల తరబడి సవాళ్లు విసురుకున్నారు, తేదీలు ప్రకటించుకున్నారు. చివరకు జరగలేదు. అది జరిగి ఉంటే పన్నుల మీద ఇద్దరికీ ఉన్న తేడా ఎంత తక్కువో బయటపడేది. ఐఎంఎఫ్‌తో మళ్లీ మాట్లాడతాం, జీతగాళ్ల మీద భారం తగ్గిస్తాం అనే మాట ఇద్దరిదీ. అనుర కూటమి మేనిఫెస్టో అయితే నెలకు 2 లక్షల వరకు పన్ను ఉండదని, ఆహారం, వైద్యం, చదువుల మీద వ్యాట్ తీసేస్తామని రాసింది. వీళ్లు పన్నులు తగ్గిస్తే ఒప్పందం కూలుతుంది, మళ్లీ 2022 వస్తుందని రణిల్ ఊరూరా చెప్పారు. 2019లో మంగళ సమరవీర చెప్పిన మాటకు అది దగ్గర చుట్టమే. అప్పుడు జనం వినలేదు, వినకపోవడం తప్పని తేలింది. ఈసారీ వినలేదు. కానీ ఇప్పుడు వినకపోవడానికి కారణం వేరు.

2019లో ఓటర్లు అడిగింది ‘నాకెంత మిగులుతుంది?’ అని. 2024లో దానికి తోడు ‘మిగతాది ఎవరు కడతారు?’ అని కూడా అడిగారు. అభ్యర్థి మేనిఫెస్టో అంకెలు కూడికకు వస్తాయా లేదా అని చూడటమే ఆర్థిక విశ్వసనీయత అని కాలమ్‌లు రాసే మాలాంటివాళ్లం అనుకుంటాం. అది సగమే. బరువు మోయక తప్పదని తెలిసినవాళ్లు ఆ బరువు ఎవరెవరి భుజాల మీద ఎంతెంత పెడుతున్నావని అడగడం కూడా ఆర్థిక ప్రశ్నే. రణిల్ మొదటి పరీక్షలో మంచి మార్కులతో గట్టెక్కారు. రెండో ప్రశ్న ఉందని ఆయన గమనించినట్టు లేదు.

మరి అనురను ఎన్నుకున్నవాళ్లకు ఏం దక్కింది? ఇక్కడ ఆయన అభిమానులకు నచ్చని మాట చెప్పాలి. 2024 నవంబరు 14 పార్లమెంటు ఎన్నికల్లో 225లో 159 సీట్లు తెచ్చుకున్నాక కూడా ఆయన ప్రభుత్వం రణిల్ పెట్టిన ఐఎంఎఫ్ లెక్కలోనే ఉండిపోయింది. అప్పుల ఒప్పందాన్ని తిరగతోడే సమయం లేదని చెప్పి, డిసెంబరులో పాత విదేశీ బాండ్ల బదులు కొత్తవి ఇచ్చే బాండ్ల మార్పిడి పూర్తి చేశారు. ఆర్థిక శాఖ అనుర తన దగ్గరే ఉంచుకున్నారు. 2025 ఏప్రిల్ నుంచి పన్ను మినహాయింపు నెలకు 2 లక్షలకు కాదు, లక్షన్నరకు పెరిగింది. వ్యాట్ 18 శాతమే ఉంది. పాలు, పెరుగు లాంటి కొన్నిటికి మినహాయింపు వచ్చింది. అప్పటిదాకా పన్ను లేని, విదేశాలకు సేవలు అందించి సంపాదించే ఆదాయం మీద 15 శాతం పన్ను వేశారు. ఇంట్లో కూర్చుని బయటి దేశాల కంపెనీలకు పనిచేసే కుర్రాళ్లు, అంటే ఆయనకు ఓట్లేసిన వయసువాళ్లు, దీని మీద గట్టిగానే తిట్టారు. 2025లో ఖజానాను బాగా ఆదుకున్నది కొత్త సిద్ధాంతం ఏమీ కాదు, అయిదేళ్లు ఆపిన వాహనాల దిగుమతిని మళ్లీ తెరిచి దాని మీద వేసిన భారీ పన్ను.

దీన్ని మాట తప్పడం అనొచ్చు. గొటబాయలా మాట నిలబెట్టుకుని ఉంటే ఏమయ్యేదో కూడా గుర్తుంచుకోవాలి. చిత్రంగా ఈ రెండు ఎన్నికల్లో మేనిఫెస్టోను తు.చ. తప్పకుండా అమలు చేసినవాడు దేశాన్ని దివాలా తీయించాడు, సగం కోసి అమలు చేసినవాడు నిలదొక్కుకున్నాడు. నెలకు 3 లక్షల జీతగాడు ఇప్పుడు 35,000 బదులు 18,500 కడుతున్నాడు. లక్షన్నర జీతగాడు ఇంతకు ముందు 3,500 కట్టేవాడు, ఇప్పుడు ఏమీ కట్టడం లేదు. కింది మెట్టు మీద ఉన్నవాళ్లకు ముందు, పై మెట్టువాళ్లకు తర్వాత, అదీ ఖజానా ఓర్చుకున్నంత. 2019 కోతలో ఈ వరస లేదు.

మన దగ్గర 2025 ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్ 12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదని ప్రకటించింది. దాని వల్ల సుమారు లక్ష కోట్ల రూపాయల రాబడి వదులుకుంటున్నామని బడ్జెట్ ప్రసంగంలోనే చెప్పారు. మన ఆర్థిక వ్యవస్థ పరిమాణానికి అది తట్టుకోగలిగిందే, శ్రీలంకతో పోలిక లేదు. కానీ ఆ రోజు టీవీ చర్చల్లో ఎవరూ దాన్ని ‘ఉచితం’ అనలేదు. మధ్యతరగతికి ఊరట అన్నారు. మహిళలకు ఉచిత బస్సుకు ఒక పేరు, జీతగాడికి పన్ను మాఫీకి ఒక పేరు. రెండూ ఖజానాలోంచి పోయే డబ్బే. రెండిటినీ ఒకే పుస్తకంలో రాసి, ఎవరికి ఎంత, ఎందుకు అని వాదించుకోవచ్చు. ‘శ్రీలంక అవుతాం’ అని బెదిరించే నాయకుడు దేని గురించి మాట్లాడుతున్నాడో కనీసం అప్పుడు తెలుస్తుంది.

కొలంబోలో మాత్రం లెక్క ఇంకా నడుస్తోంది. వాయిదా వేసుకున్న విదేశీ అప్పుల చెల్లింపులు 2028 నుంచి మళ్లీ బరువెక్కుతాయి. అధ్యక్ష ఎన్నిక 2029లో. నెలకు 2 లక్షల జీతం ఉన్న మనిషి మేనిఫెస్టో ప్రకారం సున్నా కట్టాలి, ప్రస్తుతానికి 3,000 కడుతున్నాడు.